బొమ్మ ఎవరి సొత్తు?

మన సాహిత్య చర్చల్లో ‘ఎవరికోసం రాస్తున్నాం’ అన్న ప్రశ్న వచ్చినన్నిసార్లు ‘రాసింది ఎవరి సొత్తు’ అన్న ప్రశ్న రాలేదు. బొమ్మల విషయంలోనైతే అది దాదాపు రానేలేదు. మన చిన్న పత్రికలు దశాబ్దాలుగా ముఖచిత్రాలు వేసుకుంటూనే ఉన్నాయి. ఎత్తిన పిడికిలి, కొడవలి పట్టిన స్త్రీ, ఎండిన రొమ్ముకు అతుక్కున్న బిడ్డ. ఈ బొమ్మలు ఎక్కడివి, ఎవరు గీశారు, ఎవరు తీశారు అని అడిగిన పాఠకుడు అరుదు. లోపలి పేజీలో ఆ పేరు వేసిన సంపాదకుడు మరీ అరుదు. లెటర్‌ప్రెస్ కాలంలో బ్లాకు దొరికితే వేశాం. ఆఫ్‌సెట్ వచ్చాక కత్తిరించి అతికించాం. ఇప్పుడు ఇంటర్నెట్‌లోంచి దించుకుంటున్నాం. పరికరం మారింది గాని అలవాటు మారలేదు.

దీన్ని కేవలం నీతి ప్రశ్నగా చూడటం నా ఉద్దేశం కాదు. బొమ్మ మీద హక్కు అనేది ఆకాశంనుంచి ఊడిపడలేదు. అది కొన్ని కాలాల్లో, కొన్ని ప్రయోజనాల కోసం, కొన్ని వర్గాలు ఏర్పరచుకున్న సంబంధం. ఆ సంబంధానికి ఎదురు నిలిచిన ప్రయత్నాలకూ ఒక చరిత్ర ఉంది. ఆ చరిత్ర తెలియకుండా ‘అంతా ప్రజలదే’ అనడం ఎంత తేలికో, ‘అంతా దొంగతనమే’ అనడమూ అంతే తేలిక.

మాది నేరేడుచర్ల. ఒకప్పటి హుజూర్‌నగర్ తాలూకా, నల్లగొండ జిల్లా. 2016 నుంచి సూర్యాపేట జిల్లా. మిర్యాలగూడ నుంచి కోదాడ వైపు వెళ్లే ఈ దారిలో ఎటు చూసినా వరి, వరి వెనక రైసుమిల్లు. ఇక్కడ బియ్యం వ్యాపారం చేసే ఒక యువకుడు ఈమధ్య తన సరుకు అమ్ముకోవటానికి వెబ్‌సైటు పెట్టుకున్నాడు. దానిలో పచ్చటి వరిమడి బొమ్మ ఒకటి వికీమీడియా కామన్స్ నుంచి తీసి పెట్టాడు. ఒకరు ‘వ్యాపారానికి వాడినవు, కేసు పడతది’ అని భయపెట్టారట. మరొకరు ‘అది ఫ్రీ, ఎవని పేరూ రాయనక్కర లేదు’ అని ధైర్యం చెప్పారట. ‘సార్, ఫ్రీ అని రాసున్నది గదా, పెట్టుకుంటే ఏమైతది?’ అని నన్నడిగాడు. ఇద్దరు సలహాదారులూ తప్పే చెప్పారు.

ఇదే ప్రశ్న వేరే రూపంలో మా సాహిత్య మిత్రుల మధ్య కూడా వచ్చింది. మిత్రులు తీసిన పల్లె చిత్రాలను, సభల, ఊరేగింపుల ఛాయాచిత్రాలను స్వేచ్ఛా లైసెన్సుతో విడుదల చేయాలని అందరూ ఒప్పుకున్నారు. అయితే ‘వ్యాపారానికి వాడరాదు’ అన్న షరతు పెట్టాలా వద్దా? ఎక్కువమంది పెట్టాలన్నారు. అభ్యుదయ రచయితకు సహజంగా తోచే జవాబు అదే. నేను దానితో ఏకీభవించను. ఎందుకో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

మా పొలాలకు నీళ్లు నాగార్జునసాగర్ ఎడమ కాలువ నుంచి వస్తాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేసిన ఆ ప్రాజెక్టు నుంచి 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లు వదిలారు. ఆ నీటికింద మునిగింది నాగార్జునకొండ లోయ, ఇక్ష్వాకుల విజయపురి. 1926లో ఆ శిథిలాలు వెలుగు చూశాయి. 1927-31 మధ్య లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1938లో ఆయన గ్రంథం పురావస్తు శాఖ ప్రచురణగా వెలువడింది. ఆనకట్ట ఖాయమయ్యాక 1954 నుంచి ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయనంతా తవ్వి, కొన్ని కట్టడాలను కొండమీదికి ఎక్కించి, మిగిలినదాన్ని నీటికి వదిలేశారు. అంటే ఆ లోయ ఉన్న తీరు ఇవాళ మనకు ఛాయాచిత్రాల్లోనే ఉంది. రాయి మునిగింది, బొమ్మ మిగిలింది. ఆ బొమ్మ ఎవరిది?

భారత కాపీరైటు చట్టం 1957 నాటిది. ప్రభుత్వ ప్రచురణ మీద హక్కు అది వెలువడిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు. ఆ లెక్కన లాంగ్‌హర్స్ట్ గ్రంథంలోని ఫలకాలు 1998 చివరికల్లా అందరివీ అయిపోయాయి. ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు, వెబ్‌సైటులో పెట్టుకోవచ్చు, లైసెన్సు అక్కర లేదు. ఈ 60 ఏళ్ల అంకె వెనక కూడా ఒక కథ ఉంది. మొదట్లో ఆ గడువు 50 ఏళ్లే. రవీంద్రనాథ్ టాగూర్ 1941లో మరణించాడు గనుక ఆయన రచనల మీద విశ్వభారతి హక్కు 1991తో తీరిపోవలసి ఉంది. దాన్ని కాపాడటానికి 1992లో చట్టాన్ని సవరించి అన్నిటికీ మరో 10 ఏళ్లు కలిపారు. ఒక సంస్థ ప్రయోజనం కోసం దేశమంతటి ఉమ్మడి ఆస్తి పదేళ్లు వెనక్కి జరిగిందన్నమాట. టాగూర్ మీద గౌరవం తగ్గించుకోకుండానే ఈ మాట అనవచ్చు.

ఛాయాచిత్రాల సంగతి మరికొంత చిక్కు. 2012 వరకు ఫోటో మీద హక్కును అది ప్రచురితమైన ఏడాదినుంచి లెక్కించేవారు. 2012 సవరణ ఆ ప్రత్యేక సెక్షన్‌నే తీసివేసింది. ఇప్పుడు రచయితకులాగే ఫోటోగ్రాఫర్‌కూ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు. అయితే అప్పటికే గడువు తీరిన హక్కు తిరిగి బతకదు. 1948లో పత్రికలో అచ్చయిన ఫోటో 2008 చివరితో మన దేశంలో ప్రజలదైపోయింది. అప్పుడు అచ్చు కాక, ఎప్పుడో తరువాత పుస్తకంలో తొలిసారి వెలువడిన ఫోటో లెక్క వేరు. అమెరికాలో లెక్క ఇంకా వేరు. వెబ్‌సైటు మాత్రం అన్ని దేశాల్లోనూ ఒకేసారి తెరుచుకుంటుంది.

ఇక్కడ సునీల్ జానా దగ్గరికి రావలసిందే. 1918లో పుట్టి, కలకత్తాలో పెరిగి, పి.సి. జోషి పిలుపుతో కెమెరా పట్టుకుని పార్టీలోకి వచ్చిన మనిషి. 1943 బెంగాలు కరువును ‘పీపుల్స్ వార్’ పాఠకులకు చూపినవాడు. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటాన్ని ఫోటోల్లో పట్టిన వాళ్లలో ఆయన పేరే ముందు వస్తుంది. తుపాకులు పట్టిన తెలంగాణా స్త్రీల ఫోటోను చూడని అభ్యుదయ రచయిత ఉండడు. సంచికల మీద, గోడపత్రికల మీద, సభల బ్యానర్ల మీద, ఈమధ్య వ్యాపార వార్తా సైట్లలో కూడా అలాంటి బొమ్మలు తిరుగుతూనే ఉన్నాయి. కింద జానా పేరు ఉన్నది ఎన్నిటి మీద? ‘ఫైల్ ఫోటో’ అని ఒకరు, ‘సౌజన్యం: ఇంటర్నెట్’ అని మరొకరు. ఇంటర్నెట్ కెమెరా పట్టుకొని హుజూర్‌నగర్ తాలూకాకు ఎప్పుడొచ్చిందో నాకు తెలియదు. జానా 2012లో కాలిఫోర్నియాలో మరణించాడు.

గడువు తీరిన ఫోటో కింద పేరు వేయకపోతే డబ్బు హక్కు భంగం కాదు, నిజమే. కాని హక్కులు రెండు రకాలు. ఒకటి అంగడి హక్కు, కొనవచ్చు, అమ్మవచ్చు, గడువు తీరుతుంది. రెండోది కర్తకు తన సృష్టితో ఉన్న సంబంధం. మన చట్టంలోని 57వ సెక్షన్ ఆ రెండోదాన్ని గుర్తిస్తుంది. హక్కులు అమ్మేసుకున్నా సరే, ఇది నాది అని చెప్పుకునే హక్కు, దాన్ని వికృతం చేస్తే అడ్డుకునే హక్కు కర్తకు ఉంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వమే పీకి గోదాములో పడేస్తే, 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శిల్పం తిరిగి ఇవ్వమని, 5 లక్షల నష్టపరిహారం కట్టమని తీర్పు చెప్పింది ఈ సెక్షన్ కిందనే. శ్రమ చేసినవాడి పేరు చెరిపివేయటం దోపిడీలో ఒక భాగమని వేదికల మీద చెప్పే మనం, మన ముఖచిత్రాల దగ్గర ఆ పనే ఎందుకు చేస్తున్నట్లు?

చిత్తప్రసాద్ సంగతి చూడండి. ఆయన లినోకట్లు మన పత్రికలకు ఇంటి సొత్తు లాంటివి. ఆయన 1978లో మరణించాడు. అంటే 2038 చివరిదాకా వాటిమీద హక్కు నిలిచి ఉంటుంది. ‘ప్రజల కళాకారుడు గనుక బొమ్మ ప్రజలది’ అనే తర్కం చట్టం ముందు నిలవదు.

ఇక క్యూబా. 1960 మార్చి 5న హవానాలో, ‘లా కూబ్ర్’ ఓడ పేలుడు మృతుల సంతాప సభలో ఆల్బెర్టో కోర్డా రెండు ఫోటోలు తీశాడు. వాటిలో ఒకటి ఇవాళ ప్రపంచమంతా ఎరిగిన చే గువేరా ముఖం. మరునాటి పత్రిక ఆ ఫోటో వేసుకోలేదు. ఏడేళ్లు అది కోర్డా స్టూడియో గోడకు వేలాడింది. 1967లో ఇటలీ ప్రచురణకర్త ఫెల్ట్రినెల్లి వచ్చి అడిగితే ప్రింట్లు ఊరికే ఇచ్చాడు. ఆ ఏడాది అక్టోబరులో చేని బొలీవియాలో చంపారు. ఆ బొమ్మ పోస్టరై లక్షల్లో అమ్ముడుపోయింది. 1968లో ఐర్లండు చిత్రకారుడు జిమ్ ఫిట్జ్‌పాట్రిక్ దాన్ని ఎరుపు నలుపుల్లో గీసి ఎవరైనా వేసుకోండని వదిలాడు. కోర్డాకు రాయల్టీ రాలేదు, ఆయన అడగనూ లేదు. చే ఆశయాన్ని వ్యాప్తి చేసేవాళ్లు వాడుకుంటే తనకు అభ్యంతరం లేదన్నాడు. 2000లో ఒక వోడ్కా ప్రకటనకు ఆ ముఖాన్ని వాడేసరికి లండన్‌లో దావా వేశాడు. రాజీగా వచ్చిన 50 వేల డాలర్లను క్యూబా పిల్లల మందులకు ఇచ్చేశాడు. మరుసటి ఏడాది మరణించాడు.

మా మిత్రులు ఈ కథనే తమ వాదానికి ఆధారంగా చూపారు. ‘చూశారా, వోడ్కా వాడిని ఆపాలంటే వ్యాపార నిషేధం ఉండాలి’ అని. కాని కథను పూర్తిగా చదవాలి. ఆ బొమ్మను ప్రపంచానికి చేర్చింది ఎవరు? పోస్టరు అచ్చువేసి అమ్మిన ఫెల్ట్రినెల్లి. అదీ వ్యాపారమే. చొక్కాల మీద ముద్ర వేసి సంతలో అమ్మే పేదవాడిదీ వ్యాపారమే. కోర్డా వ్యతిరేకించింది అమ్మకాన్ని కాదు, ఆ ముఖాన్ని దేనికి తాకట్టు పెడుతున్నారో దాన్ని. ఈ రెంటినీ కలిపివేస్తే మన నిర్ణయం తప్పుతుంది.

స్వేచ్ఛా లైసెన్సుల పుట్టుక కూడా ఈ చిక్కునుంచే. సాఫ్ట్‌వేరులో రిచర్డ్ స్టాల్‌మన్ 1989లో జీపీఎల్ రాశాడు. కాపీరైటు అనే శత్రువు ఆయుధంతోనే ఉమ్మడిని కాపాడే ఉపాయం అది. వాడుకో, మార్చుకో, అమ్ముకో, కాని నువ్వు మార్చిందాన్ని కూడా ఇదే షరతుతో అందరికీ ఇవ్వు. లారెన్స్ లెస్సిగ్ మొదలైనవారు 2001లో ‘క్రియేటివ్ కామన్స్’ సంస్థ పెట్టి, 2002 డిసెంబరులో రచనలకూ బొమ్మలకూ పాటలకూ అలాంటి లైసెన్సులు విడుదల చేశారు. కర్త తన హక్కు వదులుకోడు. ముందుగానే అందరికీ అనుమతి ఇచ్చేస్తాడు. ఇచ్చిన అనుమతి వెనక్కి తీసుకోలేడు. షరతుల్లో ముఖ్యమైనవి నాలుగు: పేరు చెప్పాలి, అదే లైసెన్సుతో పంచాలి, వ్యాపారానికి వాడరాదు, మార్చరాదు. వీటిని కలిపి రకరకాల లైసెన్సులు చేశారు. ఏ షరతూ లేకుండా పూర్తిగా వదిలేసే పత్రం మరొకటి ఉంది.

అందుచేత ‘క్రియేటివ్ కామన్స్’ అని కనిపించగానే అన్నీ ఒకటే అనుకోరాదు. మా బియ్యం వ్యాపారి తీసుకున్న బొమ్మకు పేరు చెప్పడం, అదే లైసెన్సుతో పంచడం అన్న రెండు షరతులే ఉన్నాయి. 2004లో మొదలైన వికీమీడియా కామన్స్ వ్యాపార నిషేధం ఉన్న బొమ్మలను అసలు చేర్చుకోదు. కనుక వ్యాపారానికి వాడినందుకు అతనిది తప్పు కాదు. పేరు వేయకపోవటమే తప్పు. బొమ్మ కిందో, పేజీ అడుగునో, అందరికీ అందేచోట బొమ్మ శీర్షిక, తీసినవారి పేరు, ఎక్కడినుంచి తెచ్చాడో ఆ లింకు, లైసెన్సు పేరు, దాని లింకు ఉండాలి. బొమ్మను దిద్దితే ఆ సంగతి చెప్పాలి. దిద్దిన బొమ్మను కూడా అదే లైసెన్సుతో వదలాలి. అంతేగాని అతని వెబ్‌సైటంతా, అతని ధరల పట్టికతో సహా, అందరిదీ అయిపోదు. అమెరికాలో ఇలాంటి లైసెన్సున్న ఫోటోను ఒక పటాల కంపెనీ తన అట్లాసు అట్టమీద వేసి అమ్మితే, అట్లాసంతా ఉచితంగా ఇవ్వాలన్న వాదాన్ని 2015లో కోర్టు ఒప్పుకోలేదు. ఫోటో పక్కన పెట్టినంత మాత్రాన పుస్తకం దాని నుంచి పుట్టినట్లు కాదన్నది.

2013 నవంబరులో వచ్చిన నాలుగో రూపంలో ఒక మంచి సవరణ ఉంది. షరతు తప్పినవాడు తప్పు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే అనుమతి తిరిగి వస్తుంది. పాత రూపాల్లో షరతు తప్పగానే అనుమతి రద్దు. దీన్ని ఆసరా చేసుకుని, ఉచితమని ఫోటోలు ఎరవేసి, పేరు సరిగా వేయని చిన్న సైట్లమీద లాయరు నోటీసులతో డబ్బు గుంజేవాళ్లు కూడా బయలుదేరారు. కామన్ల పేరుతో కొత్త రకం వసూళ్లు ఇవి. ఇంకొక జాగ్రత్త: బొమ్మ ఎక్కించినవాడు నిజంగా దాని కర్తేనా? పత్రికలోంచి స్కాన్ చేసి ‘సొంత పని’ అని ఎక్కించినవాడి లైసెన్సు చిల్లుకాసు.

ఇక వ్యాపార నిషేధం. వినటానికి ఇది సోషలిస్టు షరతు లాగే ఉంటుంది. ఆచరణలో ఎవరిని ఆపుతుంది? పెద్ద కంపెనీకి ఫోటోలు కొనుక్కునే డబ్బుంది, తీయించుకునే సిబ్బంది ఉన్నారు. ఆగేది 500 కాపీలు వేసుకుని 150 రూపాయల ధర పెట్టే తెలుగు ప్రచురణకర్త, ప్రకటనలతో నెట్టుకొచ్చే చిన్న వెబ్ పత్రిక, జిల్లా చరిత్ర రాసి సొంత ఖర్చుతో అచ్చువేసే రిటైరయిన పంతులు. ‘ప్రధానంగా వ్యాపార లాభం కోసం’ అన్న నిర్వచనంలో తాను ఉన్నాడో లేడో ఈ పంతులుకు ఎవరు చెప్పాలి? భయపడి బొమ్మే మానేస్తాడు.

అమరావతినే తీసుకుందాం. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసుకు తరలించిన రాళ్లలో పెద్ద భాగం 1859లో లండన్ చేరాయి. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ మ్యూజియం తన వెబ్‌సైటులో వాటి చక్కటి ఫోటోలు పెట్టింది. లైసెన్సు: పేరు చెప్పాలి, అదే లైసెన్సుతో పంచాలి, వ్యాపారానికి వాడరాదు. శిల్పం రెండువేల ఏళ్లనాటిది, దానిమీద ఎవరికీ హక్కు లేదు. ఉన్నది ఫోటో మీద. ఒకప్పటి గుంటూరు జిల్లా రాయి ఫోటోను గుంటూరులో ధర పెట్టిన పుస్తకంలో వేసుకోవాలంటే లండన్ అనుమతి, రుసుము. రాయి పోయింది, ఇప్పుడు నీడకు కూడా కిరాయి. న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 ఫిబ్రవరిలో తన దగ్గరున్న, హక్కుల గడువు తీరిన కృతుల ఫోటోలు 3,75,000 దాకా ఏ షరతూ లేకుండా వదిలింది. పెట్టుబడిదారీ దేశపు మ్యూజియమే. మన సూర్యాపేట జిల్లా ఫణిగిరి బౌద్ధ శిల్పాలు 2023లో అక్కడ ప్రదర్శనకు వెళ్లాయి. అరువు వస్తువులు గనుక అవి ఆ వదిలివేతలోకి రావు. ఫణిగిరి తోరణానికి స్వేచ్ఛగా వాడుకోదగ్గ మంచి ఫోటోలు తీసి కామన్స్‌లో పెట్టే పని మనదే, న్యూయార్కుది కాదు.

వ్యాపారం అంటే ఏమిటన్న ప్రశ్నను కోర్టులూ ఎదుర్కొన్నాయి. వ్యాపార నిషేధం ఉన్న పాఠాలను పాఠశాలల తరఫున డబ్బు తీసుకుని కాపీ తీసిన ఫెడెక్స్ దుకాణం మీద దావా వేస్తే, వాడుకున్నది పాఠశాల, దుకాణం దాని చేయి మాత్రమే అని అమెరికా అప్పీలు కోర్టు 2018లో చెప్పింది. మన దేశంలో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ కలిసి ఢిల్లీ విశ్వవిద్యాలయపు రామేశ్వరి జిరాక్సు షాపు మీద వేసిన దావాను 2016లో ఢిల్లీ హైకోర్టు కొట్టివేసింది. విద్యార్థులు ఈ తీర్పు చదవాలి. తాము రోజూ చేసే పనికి అది పునాది.

తెలుగు అక్షరాల అనుభవం కూడా ఉంది. సిలికానాంధ్ర పూనికతో గిడుగు, గురజాడ, సురవరం మొదలైన పేర్లతో వచ్చిన ఫాంట్లను వ్యాపారానికి కూడా వాడుకోనిచ్చే లైసెన్సుతో విడుదల చేశారు. ఆ ఒక్క షరతు లేనందువల్లనే అవి అంగడి అచ్చుకూ వెబ్ పేజీకీ కూడా పనికొస్తున్నాయి. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలూ అంతే. వ్యాపార నిషేధం పెట్టిన మన బొమ్మ ఆ వికీపీడియా వ్యాసంలోకి కూడా పోలేదు. మన పోరాటాల చిత్రాలను మన చరిత్ర వ్యాసంలో పెట్టుకోలేకుండా మనమే కట్టడి చేసుకోవటం ఏ రకం అభ్యుదయం?

ఊరి బంచరాయి గురించి ఈ సందర్భంలో చెప్పాలి. తెలంగాణాలో ప్రతి ఊరికీ పశువులు మేసే ఉమ్మడి నేల ఉండేది. అక్కడ మేసిన గొడ్డు పాలు అమ్ముకోరాదని ఎవరూ అనలేదు. నిషేధం ఒక్కటే: బంచరాయికి కంచె వేయరాదు. దొరలు వేశారు. పోరాటంలో పది లక్షల ఎకరాలు పంచినట్లు సుందరయ్య రాశాడు. అందులో కంచె తెంచిన నేల కూడా ఉంది. ‘అదే లైసెన్సుతో పంచు’ అన్న షరతు కంచె వేయరాదనటం లాంటిది. ‘వ్యాపారానికి వాడరాదు’ అన్నది పాలు అమ్ముకోరాదనటం. నేను మొదటిదాని పక్షం.

అయితే ఇక్కడితో నా వాదం పూర్తయిందని అనుకోలేను. లైసెన్సు ఎంత ఉదారమైనదైనా అది ఇచ్చేది తీసినవాడి హక్కును మాత్రమే. బొమ్మలో ఉన్న మనిషి మాటేమిటి?

1936లో కాలిఫోర్నియా బఠానీ చేలలో డొరోతియా లాంజ్ ఒక వలస కూలీ తల్లిని ఫోటో తీసింది. ప్రభుత్వోద్యోగిగా తీసింది గనుక అమెరికా చట్టం ప్రకారం అది పుట్టుకతోనే అందరిదీ. పత్రికలు, పుస్తకాలు, పోస్టర్లు, తపాలా బిళ్ల, అన్నిటి మీదా ఎక్కింది. ఆమె పేరు ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని లోకానికి తెలియటానికి 1978 దాకా పట్టింది. ఆ ఫోటోవల్ల తనకు ఒక్క పైసా రాలేదని ఆమె చెప్పుకున్నది. 1983లో జబ్బు పడితే వైద్యానికి ప్రజల చందాలు కావలసి వచ్చాయి. 35 వేల డాలర్లు దాటి వచ్చాయి. ఆ సెప్టెంబరులోనే మరణించింది.

2007లో అమెరికా టెక్సాస్ రాష్ట్రపు ఒక బాలిక ఫోటోను తెలిసినవారు తీసి, పేరు చెబితే చాలన్న లైసెన్సుతో ఫ్లికర్‌లో పెట్టారు. ఆస్ట్రేలియాలో వర్జిన్ మొబైల్ కంపెనీ దాన్ని ఎగతాళి మాటలతో ప్రకటనకు వాడింది. ఫోటో లైసెన్సు సరిగానే ఉంది. బాలికను మాత్రం ఎవరూ అడగలేదు. దావా 2009లో టెక్సాస్ కోర్టు పరిధిలోకి రాదని కొట్టివేయబడింది. అంటే అసలు ప్రశ్న తేలనే లేదు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. నాట్ల కాలంలో ఎడమ కాలువ కింద పొలాల్లోకి కెమెరాలు దిగుతాయి. వంగిన నడుములు, వరసలు, నీళ్లలో నీడలు. పోటీలకు పంపటానికి ఇంతకన్నా ‘సౌందర్యం’ ఏముంటుంది? (ఇప్పుడు చాలాచోట్ల నాటేసేది బెంగాలు, బీహారు నుంచి వచ్చిన మగ కూలీలు. ప్రకటనల్లో మాత్రం ఇంకా చీరె కుచ్చిళ్లు దోపిన ఆడవాళ్లే.) నేను ఒక ముఠాలోని పెద్దామెను అడిగాను: ‘అవ్వా, నీ ఫోటో ఎవరైనా తీసి, పురుగుమందు కంపెనీ వాళ్లు వాడుకుంటే ఏమంటవు?’ ఆమె నారు కట్ట విప్పుతూ, ‘తీసుకున్నోడు తీసుకోనీ బిడ్డా, గని ఆ మందు మంచిదని నేనన్నట్టు రాయొద్దు’ అన్నది. కోర్డా లండన్‌లో చెప్పింది ఇదే. మన చట్టంలో దీనికి నేరుగా ఒక సెక్షన్ లేదు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. సినిమా తారలు తమ ముఖానికి రక్షణ కోరి హైకోర్టులకు వెళ్లి ఉత్తర్వులు తెచ్చుకుంటున్నారు. కూలి మనిషి ముఖానికి ఆ ఉత్తర్వు ఎవరు తెస్తారు?

కనుక మా మిత్రుల ముందు నేను పెట్టిన ప్రతిపాదన ఇది. కొండలు, గుళ్లు, శిల్పాలు, చెరువులు, సభలు, ఊరేగింపుల బొమ్మలను పేరు చెప్పాలన్న షరతుతో, అదే లైసెన్సుతో పంచాలన్న షరతుతో, వ్యాపారానికి కూడా అనుమతిస్తూ వదలాలి. ముఖం గుర్తుపట్టేలా ఉన్న శ్రామికుల ఫోటోలను మాత్రం వాళ్ల భాషలో చెప్పి, ఒప్పుకుంటేనే వదలాలి. ఒప్పుకోని బొమ్మను ఏ లైసెన్సుతోనూ వదలరాదు. వ్యాపార నిషేధం పెట్టేసి ఆ అడగటం అనే శ్రమనుంచి తప్పించుకోవటం కుదరదు. ఎందుకంటే వ్యాపారం కాని వాడకం కూడా మనిషిని అవమానించగలదు. మన ముఖచిత్రాలే అందుకు సాక్ష్యం. ‘ఊరేగింపులో నడిచిన ప్రతివాణ్ణీ ఎక్కడ అడుగుతాం’ అని ఒక మిత్రుడు అడ్డు చెప్పాడు. సభకు, ఊరేగింపుకు బహిరంగంగా వచ్చినవాడి స్థితి, తన చేలో పని చేసుకుంటున్న ఆమె స్థితి ఒకటి కాదన్నాను. పోలీసు కేసుల కాలంలో ఊరేగింపు ఫోటో ఏ చేతుల్లో పడుతుందో కూడా ఆలోచించాలని మరో మిత్రుడు అన్నాడు. ఆ మాట నా ప్రతిపాదనలో లేదు. చేర్చవలసిందే.

ఈలోగా చేయదగిన పని ఒకటుంది. లాంగ్‌హర్స్ట్ 1938 గ్రంథపు ఫలకాల మీద ఎవరికీ హక్కు లేదు, ఎవరి అనుమతీ అక్కర లేదు. వాటికింద ఉన్నవి ఇంగ్లీషు శీర్షికలు. కామన్స్‌లో ప్రతి బొమ్మకూ తెలుగులో వివరణ చేర్చుకునే వీలుంది. మునిగిన లోయలో ఏ స్తూపం ఎక్కడ ఉండేదో, ఏ అయకస్తంభం మీద ఏ రాణి పేరు ఉందో చదివి, తెలుగులో రాయగలవాళ్లు నల్లగొండ, మిర్యాలగూడ కళాశాలల సాహిత్య విద్యార్థుల్లో ఉన్నారు.